పాలు చాలట్లేదని తల్లిని అనే ముందు ఆమె రోజు చూడండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులకు, హైదరాబాద్‌లో ప్రసూతి ఆసుపత్రులు నడిపే పెద్దలకు,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక ప్రసూతి వార్డులో పాలిచ్చే తల్లులకు సాయం చేసే పని చేస్తాను. బిడ్డను రొమ్ముకు ఎలా పట్టించాలో చూపించడం, గట్టిపడ్డ రొమ్ములోంచి పాలు పిండుకోవడం నేర్పించడం, పక్కనే కూర్చుని భయం పోగొట్టడం, ఇదీ నా పని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది వికారాబాద్, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్గొండ వైపు పల్లెల వాళ్లు. డిశ్చార్జ్ అయ్యాక కూడా ఫోన్లు చేస్తుంటారు. మూడో నెలలోనో నాలుగో నెలలోనో వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించేది ఒకటే మాట: "అక్కా, పాలు చాలుతలేవు."

ఆ మాట వినగానే మనమంతా తల్లి ఒంటి వైపు చూస్తాం. బలం లేదు, రక్తం లేదు, సరిగ్గా తినట్లేదు, ఓపిగ్గా పట్టించట్లేదు అంటాం. ఒక టానిక్ రాస్తాం, ఒక పాల డబ్బా రాస్తాం, కాకపోతే తల్లిపాలు అమృతమని ఇంకోసారి చెప్పి పంపుతాం. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఆ తల్లీ బిడ్డా ఎన్ని గంటలు ఒకచోట ఉంటున్నారు అని మాత్రం ఎవరమూ అడగం. అడగాల్సింది ముందు అదే అని చెప్పడానికే ఈ ఉత్తరం.

మన ఫారాల్లో ఉండే ప్రశ్న చూడండి. ఆరు నెలల్లోపు బిడ్డకు తల్లిపాలు మాత్రమే ఇస్తున్నారా, అవునా, కాదా? 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో అలా తల్లిపాలే తాగుతున్న పిల్లలు 68.2 శాతం. దేశం సగటు కంటే మెరుగే కదా అని సంతోషపడతాం. కానీ ఆ లెక్క అంతకు ముందు రోజు బిడ్డకు ఏమేం పెట్టారని తల్లిని అడిగి వేసింది. ఎంత తాగాడన్నది అందులో ఉండదు. పగలూ రాత్రీ కలిపి పదిసార్లు కడుపు నిండా తాగిన బిడ్డా, తల్లి కూలికి పోతే ఎదురు చూసి సాయంత్రం నుంచి నాలుగైదుసార్లు మాత్రమే తాగిన బిడ్డా ఇద్దరూ ఒకే 'అవును' కింద పడతారు.

ఎంత తాగుతాడన్నది కొలవలేని విషయమేమీ కాదు. పట్టించే ముందు ఒకసారి, పట్టించాక ఒకసారి బిడ్డను తూచి తేడా చూడటం పాత పద్ధతి. ఇంకా కచ్చితంగా కావాలంటే తల్లికి కొంచెం డ్యుటీరియం (హైడ్రోజన్‌లోనే బరువైన రకం, జాడ పట్టుకోవడానికి వాడేది) కలిసిన నీళ్లు తాగించి, రెండు వారాల పాటు తల్లీ బిడ్డల లాలాజలం పరీక్షిస్తే, పాల ద్వారా బిడ్డలోకి ఎంత వెళ్లిందో, వేరే నీళ్లు ఎన్ని పట్టారో కూడా తెలిసిపోతుంది. ఇలాంటి కొలతల్లో తేలింది ఏమిటంటే, తల్లిపాలే తాగే బిడ్డ మూడు నాలుగు నెలలు వచ్చేసరికి రోజుకు సగటున 750 నుంచి 800 మిల్లీలీటర్ల పాలు తాగుతాడు. అంటే ముప్పావు లీటరు పైనే. రోజూ ముప్పావు లీటరు పాలు తయారుచేస్తున్న మనిషిని మనం 'ఖాళీగా ఇంట్లో కూర్చుంది' అంటాం!

మరి పల్లెటూరి పేద తల్లికి ఆ శక్తి ఉంటుందా? ఉంటుంది, చాలా సందర్భాల్లో ఉంటుంది. కవలలను కన్న తల్లులు ఇద్దరికీ సరిపడా పాలివ్వగలరు, ఎందుకంటే తాగే నోళ్లు రెండు కాబట్టి ఒళ్లు దానికి తగ్గట్టే తయారుచేస్తుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఇంకా కూనూరులో ఉన్న రోజుల్లోనే, 1950లలో, డాక్టర్ సి. గోపాలన్ పేద తల్లుల పాల మీద పరిశోధన చేశారు. అరకొర తిండి తినే తల్లులు కూడా నెలల తరబడి బిడ్డలకు పాలిస్తూనే ఉంటారని అప్పుడే తెలిసింది. తల్లి తిండి తక్కువైతే ముందు దెబ్బ తినేది తల్లి ఒళ్లే, పాలు కాదు. తన కండలోంచి, తన ఎముకలోంచి తీసి బిడ్డకు పెడుతుంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని మన పోషకాహార నిపుణులు చెప్పేది అందుకే. ఆ తిండి ఆమెకు దక్కాలి, ఆమె ఆరోగ్యం కోసం దక్కాలి. పప్పు తింటే కుట్లు చీము పడతాయని, నీళ్లు తాగితే వాతమని బాలింతకు రోజుల తరబడి కారం అన్నమే పెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, అది మారాల్సిందే. కానీ ఆమె సన్నగా ఉందని చూసి "నీకు పాలెట్లొస్తయ్" అని డాక్టరే అనేస్తే, ఆ ఒక్క మాట ఆమెకు డబ్బా పాలు అలవాటు చేయడానికి చాలు.

పాల పరిమాణాన్ని నిజంగా నడిపించేది బిడ్డ తాగడం. బిడ్డ ఎన్నిసార్లు తాగితే, రొమ్ము ఎంత బాగా ఖాళీ అయితే అన్ని పాలు ఊరతాయి. రొమ్ము నిండి అలాగే ఉండిపోతే, ఇక చాలు అని ఒళ్లే తగ్గించేస్తుంది. గంటల తరబడి అలా నిండి ఉండటం నాలుగు రోజులు, పది రోజులు, నెల జరిగితే నిజంగానే పాలు తగ్గుతాయి. అప్పుడు తల్లి ఫోన్ చేసి పాలు చాలుతలేవు అంటుంది. అందులో ఆమె ఒంటి తప్పు ఏముంది?

ఇప్పుడు ఆమె రోజు చూడండి. పత్తి ఏరేది కిలో లెక్కన. ఎన్ని కిలోలు ఏరితే అన్ని పైసలు. బిడ్డకు పాలిచ్చి రావడానికి అరగంట పోతే ఆ అరగంట పత్తి పోయినట్టే. ఎవరూ ఆపరు, కానీ ఆమెకు ఆమే ఆపేసుకుంటుంది. నాట్లయితే ఇంకోలా ఉంటుంది, చాలా ఊళ్లలో ఆడవాళ్లు జట్టుగా కలిసి ఎకరానికి ఇంత అని గుత్తకు పట్టుకుంటారు. వరసలో ఒకామె లేచి వెళ్తే మిగతా వాళ్ల మీద భారం పడుతుంది, రెండోసారి లేస్తే మొహాలు మారతాయి, మూడో రోజు "పసిపిల్ల తల్లివి, ఇంకో నెల ఆగి రా" అంటారు. వాళ్లనూ తప్పు పట్టలేం, వాళ్ల కూలీ అందులోనే ఉంది. పని పక్క ఊళ్లో ఉంటే తెల్లవారకముందే ఆటో వస్తుంది, కాళ్లు పెట్టే చోటు ఉండదు, మళ్లీ పొద్దుగూకాకే ఇల్లు. పసిపిల్లను ఆ ఎండకు, ఆ మందు కొట్టిన చేలోకి ఎవరు తీసుకెళ్తారు?

వికారాబాద్ దగ్గరి పల్లె నుంచి ఒకామె, ఆమెది మూడో కాన్పు, నాకు చెప్పింది. మధ్యాహ్నం అన్నాలప్పుడు చెట్టు చాటుకు పోయి, జాకెట్టు విప్పి, రాయిలా గట్టిపడ్డ రొమ్మును రెండు చేతులతో నొక్కుకుంటూ పాలు నేల మీదికి పిండేస్తుందట. జాకెట్టు తడిస్తే నలుగురూ చూస్తారని లోపల పాత చీర ముక్క మడత పెట్టుకుంటుందట. అదే సమయానికి ఇంట్లో వాళ్ల అత్త బర్రె పాలలో సగానికి సగం నీళ్లు కలిపి సీసాలో పోసి బిడ్డకు పడుతోంది. ఇక్కడ పాలు మట్టిలోకి, అక్కడ నీళ్ల పాలు కడుపులోకి. ఆమెకు మీరు తల్లిపాల గొప్పతనం చెప్పాలా? ఆమెకు తెలియదా?

ఆ సీసా ఏం చేస్తుందో కూడా చెప్పాలి. బిడ్డ కడుపు చిన్నది. అందులో నీళ్లు పోసినా, బర్రె పాలు పోసినా, గ్రైప్ వాటర్ పోసినా, బిస్కెట్ నానబెట్టి పెట్టినా అంత మేరకు తల్లిపాలు తగ్గుతాయి. ఎండాకాలంలో గొంతు ఎండుతుందని నీళ్లు పట్టడం మన దగ్గర ప్రేమతో చేసే పనే, కానీ తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్లే, మే నెల ఎండలో కూడా ఆరు నెలల్లోపు బిడ్డకు వేరే నీళ్లు అక్కర్లేదు. సీసాలో శుభ్రంగా లేని నీళ్లు కలిస్తే విరేచనాలు, విరేచనాలైతే బిడ్డ నీరసించి రొమ్ము లాగలేడు, లాగకపోతే పాలు ఇంకా తగ్గుతాయి. పుట్టినప్పుడే బరువు తక్కువున్న బిడ్డలైతే మొదటి నుంచీ తొందరగా అలిసిపోతారు, నాలుగు గుటకలు తాగి నిద్రపోతారు, నిద్రపోయాడు కదా కడుపు నిండింది అనుకుంటారు ఇంట్లో. అలాంటి బిడ్డను లేపి లేపి తాగించాలి, మిగిలిన పాలు పిండి గిన్నెతోనో చెంచాతోనో పట్టాలి. అది పూట పూటకీ పక్కన మనిషి ఉండి చేయాల్సిన పని.

ఇంత కష్టంలోనూ పాలు నిలబెట్టుకునే తల్లులు ఉన్నారు, ఎలా అంటే రాత్రుల వల్ల. పల్లెల్లో బిడ్డ తల్లి పక్కలోనే పడుకుంటాడు, పగలు తాగలేనిది రాత్రి అడిగి అడిగి తాగుతాడు, పాలు ఊరించే హార్మోను కూడా రాత్రిపూటే ఎక్కువ. కానీ ఆ తల్లి మళ్లీ నాలుగింటికి లేచి, వాకిలి ఊడ్చి, వంట చేసి, ఆటో ఎక్కాలి. ఎన్నాళ్లు చేయగలదు?

దీన్ని మీ క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు. ఫ్లెక్సీలు, ర్యాలీలు, అంగన్‌వాడీలో మీటింగులు. ఆగస్టు మొదటి వారం అంటే మన దగ్గర నాట్ల సీజన్, పత్తిలో కలుపు తీసే సీజన్. ఎవరి కోసం మీటింగు పెట్టామో ఆ తల్లి మోకాలి లోతు బురదలో ఉంటుంది, మీటింగుకు వచ్చేది వాళ్ల అత్తో, పనికి పోనక్కర్లేని నలుగురో. 2016లో కేంద్రం తల్లిపాలను ప్రోత్సహించే 'మా' కార్యక్రమం మొదలుపెట్టి తల్లుల సమావేశాలు పెట్టమంది, ఆశా వర్కర్లు పెడుతున్నారు కూడా, వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ మాట వినడానికి కూడా తల్లికి తీరిక ఉండాలి కదా.

ఇక ఆసుపత్రుల వాళ్లకు. మీకు వేరే ఉత్తరం రాయాల్సినంత ఉంది, కొంచెమే చెబుతాను. పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణలో పెద్దాపరేషన్ కాన్పులు 60.7 శాతం, పుట్టిన గంటలోపు పాలు తాగిన పిల్లలు 37.1 శాతం. ఈ రెండు అంకెలూ ఒకదాన్నొకటి చూసుకుంటూనే ఉన్నాయి. ఆపరేషన్ అయిన తల్లి ఒక గదిలో, తుడిచి చుట్టిన బిడ్డ బయట అమ్మమ్మ చేతుల్లో, ఏడుస్తుంటే చక్కెర నీళ్లు, లేదంటే తేనె. ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రమాదమని ఆ అమ్మమ్మకు అప్పుడు ఎవరు చెబుతారు? మొదటి రోజు ముర్రుపాలు పూటకు చెంచాడే వస్తాయి, బిడ్డకు అంతే చాలు, కానీ "పాలు పడలేదు" అని అందరూ కంగారుపడతారు. నేను చూసిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తల్లి ఇంకా బిడ్డను ముట్టుకోకముందే కేస్ షీట్ మీద 'టాప్ ఫీడ్', అంటే పైపాలు పట్టండి అని రాసి ఉంది. డబ్బా పాల ప్రచారాన్ని, తల్లులకు శాంపిళ్లు పంచడాన్ని 1992 చట్టం నిషేధించింది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. అయినా చీటీ మీద రాసిన బ్రాండ్ పేరు పల్లె దాకా ప్రయాణిస్తుంది. హైదరాబాద్ డాక్టరు రాశాడంటే ఊళ్లో ఆశా వర్కర్ చెప్పే మాట ఇంకెవరు వింటారు? డబ్బా ఖరీదు చూసి ఇంట్లో వాళ్లు ఒక చెంచా వేయాల్సిన చోట అర చెంచా వేస్తారు, ఆ పల్చటి నీళ్లతో బిడ్డ ఎదగాలి. వెన్నుకు మత్తు ఇచ్చి చేసిన ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది, ఇద్దరూ బాగుంటే ఒక నర్సు పక్కన నిలబడి అక్కడే బిడ్డను రొమ్ముకు పట్టించవచ్చు. నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి తల్లిపాల బ్యాంకు నడుస్తున్న నగరం ఇది, నెలలు నిండని పిల్లల కోసం వేరే తల్లులు ఇచ్చిన పాలను కూడా కాపాడుకుంటున్నాం. సొంత తల్లి పాలను మొదటి గంటలో కాపాడుకోలేమా?

మళ్లీ ఊరి సంగతికి వస్తాను. 2017లో మాతృత్వ ప్రయోజన చట్టాన్ని సవరించి 26 వారాల జీతంతో సెలవు ఇచ్చారు. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు ఉండాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరికి వెళ్లి రావచ్చన్నారు. గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే అమ్మాయిలకు అది దక్కుతోంది, దక్కాలి. పత్తి ఏరే అమ్మాయి కూడా అంతే తల్లి కదా, ఆమెకేం ఉంది? 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు, పనిచోటుకు ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒకామెను కూలీ ఇచ్చి పెట్టాలని. నేను మాట్లాడిన తల్లుల్లో అలాంటి ఒకామెను పనిచోట చూసినవాళ్లు దొరకలేదు. కేంద్రం 'పాల్నా' పేరుతో అంగన్‌వాడీల్లోనే క్రెష్‌లు పెడుతోంది, మంచి ఆలోచనే, కానీ అందులోకి తీసుకునేది ఆరు నెలలు నిండిన పిల్లల్ని. తల్లిపాలు తప్ప వేరే ఏదీ తాగకూడని ఆ మొదటి ఆరు నెలల బిడ్డకు అక్కడ చోటు లేదు.

అందుకే అడుగుతున్నాను. ఆ ఆరు నెలలు తల్లి కూలికి పోకుండా ఇంటి దగ్గర ఉండగలిగేంత డబ్బు నెల నెలా ఇవ్వండి. 2013 ఆహార భద్రతా చట్టంలో ప్రతి గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ కనీసం 6,000 రూపాయలు అన్నారు, 2017లో కేసీఆర్ కిట్ పెట్టినప్పుడు 12 వేలు, ఆడపిల్ల పుడితే 13 వేలు అన్నారు, అదీ విడతలుగా, చివరి విడతలు టీకాలతో ముడిపెట్టి. ఆరు నెలల కూలీ ముందు ఆ మొత్తం ఎంత? అదైనా బిడ్డ పాకే వయసులో చేతికొస్తే ఆమె అప్పటికే ఎప్పుడో పనికి పోయి ఉంటుంది. ఆరోగ్యలక్ష్మి భోజనం 2015 నుంచి నడుస్తోంది, అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు, చాలా మంచి పథకం. కానీ అంగన్‌వాడీకి వచ్చి తినాలంటే మధ్యాహ్నం ఊళ్లో ఉండాలి. పనికి పోక తప్పని తల్లికి ఆ భోజనం చేను దగ్గరికి ఎలా చేరుతుందో ఆలోచించండి.

పనికి పోయినా సరే, బిడ్డ దగ్గర్లో ఉంటే సగం సమస్య తీరుతుంది. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు ఊరి పొలాల దగ్గరే ఒక నీడ, ఒక నీళ్ల కుండ, చీర ఉయ్యాలలు కట్టుకునే చోటు, పిల్లల్ని చూసుకోవడానికి కూలీ తీసుకునే ఒక పెద్దామె. సర్పంచులు, మహిళా సంఘాలు తలచుకుంటే సీజన్ వరకైనా నడపగలిగిన పని ఇది, డబ్బు మాత్రం మీ వైపు నుంచి రావాలి. పిల్లలకు పాలివ్వడానికి లేచిన సమయానికి కిలో లెక్కలో కొంత కలిపి ఇచ్చే పద్ధతి కూడా పెట్టాలి, లేకపోతే నీడ ఉన్నా ఆమె లేవదు.

ఇంకొకటి, ఇది మీ కంప్యూటర్లకు సంబంధించింది. మన దగ్గర తొలి కాన్పు తల్లిగారింట్లో. మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తగారింటికి పోతుంది. పేరు ఒక ఊరి ఆశా వర్కర్ రిజిస్టర్‌లో, మనిషి ఇంకో ఊళ్లో. పనికి పోవడం మొదలయ్యేది కూడా సరిగ్గా అప్పుడే. బిడ్డ ఎక్కువ ఏడ్చేది, రొమ్ములు ముందులా గట్టిగా అనిపించక తల్లి భయపడేది కూడా ఆ నెలల్లోనే. ఎక్కువ సాయం కావాల్సిన రోజుల్లో ఆమె ఎవరి లెక్కలోనూ ఉండదు. రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా ఒంటికి పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు సరిపోతున్నట్టేనని ఆ రోజు ఎవరైనా ఇంటికి వచ్చి, తూచి చూపించి చెబితే సీసా కొనాల్సిన అవసరం చాలా ఇళ్లలో రాదు. ఊరు మారిన బాలింత పేరు కొత్త ఊరి ఆశా వర్కర్ ఫోన్‌లోకి అదే వారం చేరేలా చేయండి. ఆ ఫారంలో 'తల్లిపాలు ఇస్తున్నారా' అన్న ప్రశ్న కింద ఇంకో గడి పెట్టండి: నిన్న తల్లీ బిడ్డా ఎన్ని గంటలు విడిగా ఉన్నారు?

ఈ రెండు శాఖల వాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఈ విషయం మాట్లాడతామంటే, పనికి పోయి వచ్చే తల్లులు కొందరిని నేను తీసుకొస్తాను. ఆదివారం పెట్టండి, మధ్యాహ్నం పెట్టండి, వాళ్ల ఆ రోజు కూలీ కట్టివ్వండి. పిల్లల్ని తీసుకొచ్చే వీలుండే గది చూడండి.

ఇట్లు,
హైదరాబాద్‌లో ఒక ప్రసూతి వార్డు కౌన్సెలర్